ఎలుక నవ్వు, మనిషి దిగులు

కొత్తగా కాపురానికి వెళ్లిన పిల్ల తిండి మానేసి, పలకరిస్తే పలకకుండా మూలన కూర్చుంటే "గాలి సోకింది" అంటారు. భూతవైద్యుడొచ్చి వేపమండలతో కొడతాడు, ఎండుమిరపకాయల పొగ పెడతాడు. చదువుకున్న ఇళ్లలో అతణ్ని పిలవరు. "మనసు గట్టి చేసుకోవాలమ్మా, మనిషి జన్మ ఎత్తాక ఆమాత్రం నిగ్రహం ఉండొద్దా?" అంటారు. ఈ రెండో మాట కూడా నా లెక్కలో మూఢనమ్మకమే. మనసంటే ఒంటితో పనిలేనిదనీ, అది మనిషికి మాత్రమే దక్కిన వరమనీ నమ్మినవాళ్లే అలా మాట్లాడగలరు.

ఎస్టోనియాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ మెదడు శాస్త్రవేత్త యాక్ పాంక్‌సెప్ (1943–2017) ఆ నమ్మకం పునాదినే తవ్వాడు. 1990ల చివర్లో ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం ఎలుకపిల్లల్ని వెల్లకిలా తిప్పి, మెడ మీదా పొట్ట మీదా చక్కిలిగింతలు పెట్టింది. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దం అందదు. గబ్బిలాల అరుపులు పసిగట్టే పరికరంతో వింటే 50 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటే కిచకిచలు. చెయ్యి తీస్తే ఎలుక ఆ చేతి వెంటే పరుగెత్తింది. పుట్టగానే మెదడు పైపొర తీసేసిన ఎలుకలు కూడా తోటివాటితో ఆడుకున్నాయి. వెతుకులాట, కోపం, భయం, కామం, లాలన, ఎడబాటు దుఃఖం, ఆట: ఈ ఏడింటి వేళ్లూ క్షీరదాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పాత మెదడులో ఉన్నాయన్నది ఆయన వాదన. ప్రతిస్పందన వేరు, అనుభూతి వేరు అని జోసెఫ్ లెడూ వంటి మెదడు శాస్త్రవేత్తలు అడ్డుచెప్పారు. ఆ వాదం ఇంకా తేలలేదు. నాకు మాత్రం పాంక్‌సెప్ వైపే బలం కనిపిస్తుంది.

ఎందుకంటే ఆయన చూపిన దారిలో వైద్యానికి పనికొచ్చేది దొరికింది. గుంపు నుంచి విడదీసిన కోడిపిల్ల ఆగకుండా అరుస్తుంది. మార్ఫిన్ జాతి మందు కొద్దిగా ఇస్తే ఆ అరుపు తగ్గుతుంది. మెదడు తనంతట తాను తయారుచేసుకునే అలాంటి రసాయనాలే ఆత్మీయుల దగ్గర మనకు కలిగే ఊరటకు ఆధారమని ఆయన భావించాడు. ఆ ఆలోచనతోనే ఇజ్రాయెల్ వైద్యులు, చనిపోవాలన్న ఆలోచన తీవ్రంగా ఉన్నవారికి అదే మార్ఫిన్ జాతికి చెందిన బ్యూప్రెనార్ఫిన్‌ను అతి చిన్న మోతాదులో ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికన్నా వీరిలో ఆ ఆలోచన ఎక్కువ తగ్గిందని 2016లో ప్రకటించారు. వ్యసనమయ్యే ప్రమాదమున్న మందు కాబట్టి అది డాక్టరు అజమాయిషీలోనే ఉండాలి.

అన్నీ ఇలా ఫలించలేదు. ఎలుకల ఆట మీద పరిశోధనతో ముడిపడిన రాపాస్టినెల్ అనే దిగులు మందు మనుషుల మీద జరిపిన పెద్ద పరీక్షల్లో ఓడిపోయింది. 2019లో ఆ సంగతిని తయారీ కంపెనీయే బయటపెట్టింది. కొట్టిన దెబ్బలకు దయ్యం దిగలేదు, నా విద్య తప్పు అని ఒప్పుకున్న భూతవైద్యుడు నాకింతవరకు తారసపడలేదు.

ఇలాంటి నమ్మకం ప్రాణాలూ తీస్తుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు లేచినప్పుడు, అక్కడి దర్గా మహిమతో నయమవుతుందని తెచ్చి గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు కదల్లేక కాలిపోయారు. మానసిక రోగులకు గొలుసులు వేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. కదలకుండా బిగించి పట్టుకుంటే ఏ క్షీరదానికైనా కోపం రేగుతుంది, పాంక్‌సెప్ చెప్పిన ఏడింటిలో అదొకటి. కట్టేసిన మనిషి పెనుగులాడితే, ఒంట్లో ఉన్న దయ్యం ఉగ్రరూపం ఎత్తిందని చెప్పి ఇంకో చుట్టు బిగించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.