భుజం నొప్పిలో గొప్పేముంది?

చేనేత ప్రదర్శనకు వెళ్లినవాళ్లు నేసిన మనిషిని అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "ఈ చీరకు ఎన్ని రోజులు పట్టిందన్నా?" ఆయన లెక్క చెబుతాడు. "అబ్బ, ఎంత కష్టమో!" అంటారు. ఆ వెంటనే ఓ ఐదు వందలు తగ్గించమంటారు. బేరం సంగతి వదిలేద్దాం, బేరమాడని బజారు ఎక్కడుంది? నాకు మింగుడుపడనిది ఆ మెచ్చుకోలే. పనిని గౌరవిస్తున్నామనుకుంటూ మనం మెచ్చుకుంటున్నది ఎదుటి మనిషి అలసటను. మరి రేపు ఆ అలసట తగ్గితే గౌరవమూ తగ్గించేస్తామా?

ఇది ఊరికే వేసిన ప్రశ్న కాదు. పోచంపల్లి, పుట్టపాక, ఆలేరు చుట్టుపక్కల నేత ఊళ్లలో ఇది నిజంగానే ఎదురైంది.

అక్కడి చీరల్లో బట్ట నేశాక అద్దే రంగేమీ ఉండదు. దారానికే ముందు రంగు పడుతుంది. చీరలో ఏ చిలుక ముక్కు ఎక్కడ ఎర్రగా కనిపించాలో దారం ఇంకా దారంగా ఉన్నప్పుడే తేలిపోవాలి. దానికి పేక దారాన్ని కొలిచి, వరసలుగా పేర్చి పెట్టుకోవాలి. అదే ఆసు పోయడం. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి దారాన్ని తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు పోయి రావాలని లెక్క. నాలుగైదు గంటల పని. భాగించి చూస్తే సుమారు రెండు సెకన్లకొకసారి. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే పద్దెనిమిది వేలు.

ఈ పని ఇంట్లో ఆడవాళ్లది. తరాల తరబడి వాళ్లదే. మగ్గం ముందు కూర్చున్న మనిషి ఫొటోలో పడతాడు, ఆసు పోసే మనిషి పడదు. ఆమె భుజం నొప్పి వయసుతో వచ్చే నొప్పుల ఖాతాలో కలిసిపోయేది.

ఆ ఊళ్లలో ఒకటైన శారాజీపేటలో లక్ష్మమ్మ అనే తల్లి పడే ఈ బాధను చూసి కొడుకు చింతకింది మల్లేశం దీన్ని బాధగానే లెక్కపెట్టాడు. ఆరో తరగతితో చదువు ఆపేసిన కుర్రాడు. 1992లో యంత్రం మొదలుపెట్టాడు. అప్పులు, ఊరివాళ్ల వెక్కిరింపులు, సగంలో ఆగిన కర్రలు, ఇనుప ముక్కలు. చేత్తో దారం మేకు చుట్టూ తిరిగే ఆ ఒక్క కదలికను యంత్రానికి నేర్పడమే కొరుకుడు పడలేదు. హైదరాబాదు బాలానగర్‌లో కరెంటు పనికి వెళ్లినచోట మరో యంత్రం నడుస్తున్న తీరు కంటపడ్డాక చిక్కు వీడింది. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది.

ఈ కథను మనం సాధారణంగా పట్టుదల గురించి చెప్పుకుంటాం. తప్పులేదు, పిల్లలకు చెప్పదగ్గదే. నాకు మాత్రం అంతకంటే ముందున్న సంగతి పెద్దదిగా కనిపిస్తుంది. తొమ్మిది వేలు అన్న ఆ లెక్క. దాన్ని తరాలుగా ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కకు రాని పనికి విలువ ఎలా వస్తుంది? చేసే మనిషికైనా తాను చేస్తున్నది పని అని ఎలా అనిపిస్తుంది? "ఏం చేస్తావమ్మా" అని అడిగితే "ఇంట్లోనే ఉంటా" అనే జవాబు ఆసు పోసిన చేతుల నుంచే వచ్చేది.

ఇప్పుడు అలసట తగ్గితే గౌరవమూ తగ్గాలా అన్న ప్రశ్నకు వద్దాం. కరెంటుతో తిరిగే యంత్రం వచ్చాక అది చేనేత ఎలా అవుతుందని అడిగేవాళ్లున్నారు. ఎక్కువగా నగరాల్లో, ఏసీ షోరూముల్లో. వాళ్ల ప్రేమ నిజమైనదే కావచ్చు, కానీ పరాయి భుజం మీద పెట్టుకున్న ప్రేమ. మనింట్లో మిక్సీ వచ్చాక పచ్చడి పచ్చడి కాకుండా పోయిందా అని వాళ్లను అడగాలనిపిస్తుంది. (పోయిందనే అత్తగార్లున్నారని నాకూ తెలుసు.)

నేతగాడి గర్వం ఆసులో లేదు. ఆసు తర్వాత మొదలయ్యే పనిలో ఉంది. గీసుకున్న నమూనా ప్రకారం దారపు గుత్తులను అక్కడక్కడ బిగించి చుడతారు. దీన్ని చిటికి కట్టడం అంటారు. కట్టినచోట రంగు ఎక్కదు. అద్దకం అయ్యాక విప్పి, మరోచోట కట్టి, ఇంకో రంగులో ముంచాలి. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. వదులైతే రంగు లోపలికి పాకుతుంది. ఇక మగ్గం మీద ప్రతి పోగూ తన చోట పడేలా జరుపుకుంటూ నేయాలి. పడుగుకూ పేకకూ రెండింటికీ చిటికి కట్టిన బట్టయితే రెండు వైపుల రంగూ ఒకే బిందువు దగ్గర కలవాలి. పుట్టపాక తేలియా రుమాలులో చేసేది అదే. ఆ దారాన్ని ముందుగా నూనెలోనూ బూడిద నీళ్లలోనూ నానబెట్టి సిద్ధం చేస్తారు. ఆ ఊరి నుంచే గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చాయి. వాళ్లకు దక్కిన మన్నన ఎంత ఒళ్లు అలిసిందన్నదానికి కాదు, చెయ్యి ఎంత నేర్చిందన్నదానికి.

ఇలాంటి చీరను గుర్తుపట్టే పద్ధతి కూడా అక్కడివాళ్లే చెబుతారు. తిరగేసి చూడమంటారు. అచ్చు వేసిన నకిలీలో వెనకవైపు రంగు వెలవెలబోతుంది, అసలుదానికి రెండు వైపులా ఒకటే. పువ్వు అంచు గీత గీసినట్టు కాకుండా కొంచెం చెదిరినట్టుంటుంది. ఆ చెదురును చూపిస్తూ "ఇది మిషన్‌కు రాదు" అని చెప్పే మనిషి గొంతు వినాలి. ఎన్ని రోజులు పట్టిందో చెప్పే గొంతు కాదది.

అయినా ఆ గొంతుతోనే "మా పిల్లలకు ఈ పని వద్దు" అనీ అంటారు. వినేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. వింతేమీ లేదు. పని మీద గౌరవం ఒకటి, ఆ పనితో బతుకు గడవడం ఇంకొకటి. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని మరిపించాలని చూసేవాళ్లే ఎక్కువ. ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం రాగానే "కులవృత్తిని గర్వంగా కొనసాగించండి" అనే ఉపన్యాసాలు మొదలవుతాయి. ఆ ఉపన్యాసకుల పిల్లలు ఏ వృత్తిలో ఉన్నారో అడగడం మర్యాద కాదు గానీ, అడగాలి. పుట్టుకతో అంటగట్టిన పనిలో మనిషి మనసు నిలవదని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో వాదించాడు. వదిలి వెళ్లే దారి ఉన్నవాడు ఉండిపోతేనే అది గర్వం. దారి లేక ఉండిపోయినవాడిని గర్వపడమనడం వాడి కూలి ఎగ్గొట్టడానికి పక్కా పద్ధతి.

2019-20 నాటి నాలుగో చేనేత గణనలో దేశం మొత్తం మీద చేనేత పనివాళ్లు సుమారు 35 లక్షలని తేలింది. అందులో 70 శాతానికి పైగా మహిళలే. నేసేవాళ్లతోపాటు నేతకు ముందూ వెనకా పనులు చేసేవాళ్లనూ ఆ గణన లెక్కలోకి తీసుకుంది. మంచిపనే. కానీ దుకాణానికి వచ్చేసరికి చీరకు వేలాడే చీటీ మీద కనిపించేవి చేనేత గుర్తు, పట్టు గుర్తు, ధర. ఇలా చిటికి కట్టి నేసే బట్టకే ఇకత్ అని పేరు; పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఊరి పేరుకు రక్షణ దొరికింది. మనిషి పేరుకు దొరకలేదు.

సినిమాకు టీ అందించినవాళ్ల పేర్లు కూడా చివర్లో తెరమీద పడుతున్న కాలమిది. ఇరవై వేల చీరకు ఆసు ఎవరు పోశారో, చిటికి ఎవరు కట్టారో, రంగు ఎవరు అద్దారో, ఎవరు నేశారో, ఎవరికి ఎంత ముట్టిందో రాయడానికి చీటీ వెనకవైపు చాలినంత ఖాళీ ఉంది. సహకార సంఘాలు రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు, దీనికి జీవో కూడా అక్కర్లేదు. కొనేవాళ్లు కూడా ఎన్ని రోజులు పట్టిందని అడగడం మానేసి, చిటికి ఎవరు కట్టారని అడిగితే దుకాణదారు ఆ జవాబు ముందే తెలుసుకుని కూర్చుంటాడు.