పాపకి మీరేమవుతారు?

వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే మన ఆఫీసుకొచ్చే ఫోన్ల తీరు కొంచెం మారుతుంది. కొట్టాడనీ గెంటేశాడనీ వచ్చే ఫోన్లు ఎలాగూ ఆగవు. వాటి మధ్యలో "పిల్లల్ని తీసుకుని నాలుగు రోజులు ఎటైనా వెళ్దామనుకుంటున్నాం, అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగేవి కూడా వస్తాయి. భర్త పోయినవాళ్ళు, విడిపోయినవాళ్ళు, అసలు పెళ్ళే చేసుకోకుండా పిల్లల్ని పెంచుకుంటున్నవాళ్ళు. ఆ ఊరి గురించి తెలియక అడగరు. ఏదన్నా జరిగితే పక్కన నిలబడే మనిషి కోసం అడుగుతారు. ఈ ఏడు మే నెలలో అలాంటి ఫోనొకటి విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి వరండాలోంచి వచ్చింది. ఈ సంపాదకీయం ఆ ఫోను గురించే.

చేసింది మన సమావేశాలకి చాలాకాలంగా వస్తున్న ఒక టీచరు. ఆమె, బ్యాంకులో పనిచేసే ఇంకో స్త్రీ ఏడేళ్ళుగా కలిసి కాపురం చేస్తున్నారు. "కలిసి ఉంటున్నారు" అని రాసి ఊరుకోవచ్చు. మనలో చాలామందిమి ఇన్నాళ్ళూ అలాగే అంటూ వచ్చాం కూడా. కానీ అది కాపురమే. వాళ్ళకి తొమ్మిదేళ్ళ కూతురుంది. కన్నది బ్యాంకు ఉద్యోగిని. పాపకి ఏడాదిన్నర వయసప్పుడు ఆమె భర్త నుంచి విడాకులు తీసుకుంది, పాపని ఆమె దగ్గరే ఉంచమని కోర్టు చెప్పింది. ఆ తర్వాత పాపకి అన్నం కలిపి పెట్టింది, జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది, స్కూటీ మీద బడికి దింపింది ఎక్కువగా టీచరే. ఇంట్లో పాప ఇద్దరినీ అమ్మ అనే పిలుస్తుంది. గడప దాటితే మాత్రం టీచరు "పిన్ని" అయిపోతుంది.

ఈ పిన్ని ఏర్పాటు ప్రయాణాల్లోనే మొదలైందట. రైలెక్కి కూర్చున్నాక ఎదురు సీటువాళ్ళు పులిహోర పొట్లం విప్పేలోపే అడిగే మొదటి ప్రశ్న "మీరిద్దరూ అక్కచెల్లెళ్ళా?" అని. ఔనంటే చాలు, ఇక ఎవరూ ఏమీ అడగరు. మన దగ్గర ఇద్దరాడవాళ్ళూ ఒక పిల్లా కలిసి వెళ్తుంటే అనుమానించేవాళ్ళు లేరు. లాడ్జీలో ఒకే గది అడిగినా ఎవరికీ పట్టదు. (ఇద్దరు మగవాళ్ళు ఒక పసిపిల్లతో వెళ్తే సంగతి వేరు. పిల్లని ఎక్కడినుంచి ఎత్తుకొచ్చారని పోలీసుల్ని పిలిచినా ఆశ్చర్యం లేదు.) ఇద్దరు స్త్రీల మధ్య అలాంటి ప్రేమ ఉంటుందని ఈ సమాజం ఊహించలేకపోవడం ఒక్కోసారి గొడుగులా పనికొస్తుందని టీచరు నవ్వుతూ అంటుంది. ఆ గొడుగు కింద నోరు కట్టుకుని కూర్చోవలసింది మాత్రం పాప. అరకు వెళ్ళే రైల్లో సొరంగాలు లెక్కపెడుతూ, సంతోషం పట్టలేక "అమ్మా చూడు" అనేసి, నాలిక కరుచుకుని, "దిగాక అనొచ్చా?" అని చెవిలో అడిగిందట.

ఆ ప్రయాణానికి బ్యాంకు ఆమెకి సమయానికి సెలవు దొరకలేదు. రెండు రోజులాగి వచ్చి కలుస్తానంది. మొదటి రోజే బొర్రా గుహల్లో తడి మెట్ల మీద పాప జారి పడింది. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. కారు మాట్లాడుకుని ఘాటు దిగి విశాఖ చేరేసరికి చెయ్యి బూరెలా వాచింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. మత్తు ఇచ్చి, ఎముక సరిచేసి, కట్టు వెయ్యాలన్నారు. సంతకానికి కాగితం ముందు పెట్టి అడిగారు, పాపకి మీరేమవుతారు అని.

అలవాటు ప్రకారం "పిన్నిని" అంది. తల్లిగానీ తండ్రిగానీ సంతకం చెయ్యాలన్నారు. తల్లి హైదరాబాదులో ఉంది, ఫోనులో మాట్లాడుతుందంటే ఒప్పుకోలేదు. అయితే తండ్రి నంబరివ్వండి, ఆయన్నే అడుగుతాం అన్నారు. అక్కడ టీచరుకి కాళ్ళు వణికాయి. నంబరు ఆమె దగ్గరే ఉంది. కానీ ఆ ఫోను వెళ్తే, నా కూతురు ఎవరి దగ్గరుంది, ఎలాంటి ఇంట్లో పెరుగుతోంది అంటూ అతను మళ్ళీ కోర్టుకెక్కడానికి ఇంకేం కావాలి? ఏడేళ్ళుగా వాళ్ళు భయపడుతున్నది దానికే. నేను పేర్లు రాయకపోవడమూ అందుకే. ఈలోపు నొప్పి తట్టుకోలేక పాప పిన్ని సంగతి మర్చిపోయి, అమ్మా అమ్మా అంటూ టీచరుని పట్టుకుని ఏడుస్తోంది. పిన్నినంటున్నావు, పిల్లేమో అమ్మంటోంది, అసలెవరు నువ్వు అని కౌంటరు దగ్గర గట్టిగా అడిగారు. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

మూడు గంటలు గడిచాయి. విశాఖలో మనకి తెలిసిన లాయరు మిత్రురాలు పరుగున వెళ్ళి మాట్లాడాక, బ్యాంకు ఆమె చేత్తో రాసి సంతకం పెట్టి ఆధార్ కార్డుతో సహా వాట్సాప్‌లో పంపిన కాగితం తీసుకుని, అప్పుడు కట్టు వేశారు. ఆ డాక్టరుని తిట్టాలని నాకు లేదు. రేపు ఏదన్నా జరిగితే మెడకి చుట్టుకునేది ఆయనకే. తొమ్మిదేళ్ళ పిల్ల విరిగిన చెయ్యి పట్టుకుని మూడు గంటలు ఏడవడమే నాకు ఇప్పటికీ మింగుడు పడడంలేదు.

ఆ కౌంటరు ప్రశ్న మనకి కొత్తదేమీ కాదు. తొంభైల చివర్లో నా కొడుకు పాస్‌పోర్టు కోసం నేను నాలుగుసార్లు తిరిగాను. ప్రతిసారీ "తండ్రి సంతకం ఏదమ్మా?" అన్నారు. సంతకం పెట్టవలసినాయన ఎక్కడున్నాడో అప్పటికి నాకే తెలియదు. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 1956 నుంచి బిడ్డకి సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాతే తల్లి అంటోంది. గీతా హరిహరన్ కేసులో 1999 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, "తర్వాత" అంటే చచ్చిపోయాక అని మాత్రమే కాదు, బిడ్డని పట్టించుకోనప్పుడు కూడా అని అర్థం చెప్పింది. 2015లో, పెళ్ళికాని తల్లి బిడ్డ తండ్రి పేరు చెప్పకుండానే సంరక్షకురాలు కావచ్చని అదే కోర్టు అంది. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు మారాయి, తల్లిదండ్రుల్లో ఒకరి పేరు ఉంటే చాలన్నారు. ఒక్కొక్కటీ ఎందరో స్త్రీలు కాళ్ళరిగేలా తిరిగితే వచ్చింది. తండ్రి లేకపోయినా ఒక తల్లి చాలు అన్నంతవరకు చట్టాన్ని లాక్కొచ్చాం. రెండో తల్లి వస్తే ఏం చెయ్యాలో ఆ చట్టానికి తెలియదు.

2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 377వ సెక్షను నుంచి వయోజనుల ఇష్టపూర్వక సంబంధాలని తప్పించినప్పుడు మనం మిఠాయిలు పంచుకున్నాం. 2023 అక్టోబరు 17న అయిదుగురు జడ్జీల బెంచి, స్వలింగ సహచరులకి పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని తేల్చింది. పెళ్ళికాని జంటలు ఇద్దరూ కలిసి బిడ్డని దత్తత తీసుకోవచ్చా అన్నదాని మీద ఇద్దరు ఔనన్నారు, ముగ్గురు కాదన్నారు. పునఃపరిశీలన పిటిషన్లని 2025 జనవరిలో కొట్టేశారు. టీచరు చట్టం కళ్ళకి ఇప్పటికీ పరాయిదే.

కట్టు విప్పాక ఇద్దరూ పాపతో సహా మా ఇంటికొచ్చారు. పదో పుట్టినరోజుకి పాపకి విమానం ఎక్కిస్తామని మాటిచ్చారట. "ఎక్కడికెళ్తే ఈ గొడవ ఉండదు?" అని అడిగింది బ్యాంకు ఆమె. నాకు తెలిసినవాళ్ళని అడిగి, నేను చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను, మరికొందరికి పనికొస్తుందని.

నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు, ఖర్చు తక్కువ. 2023 నవంబరులో అక్కడ తొలి స్వలింగ వివాహం నమోదైంది. థాయిలాండ్‌లో 2025 జనవరి 23 నుంచి, తైవాన్‌లో 2019 మే నుంచి ఇలాంటి పెళ్ళిళ్ళకి చట్టం ఉంది. మాల్దీవులు, శ్రీలంక, మలేషియాల్లో స్వలింగ సంబంధం నేరమనే చట్టాలున్నాయి. వెళ్ళినవాళ్ళందరినీ పట్టుకుంటారని కాదు. ఇద్దరాడవాళ్ళూ ఒక పిల్లా అక్కడా సులభంగానే తిరిగి రావచ్చు. ఆసుపత్రికో పోలీసు స్టేషనుకో వెళ్ళాల్సి వచ్చిన రోజున మాత్రం నిజం చెప్పే వీలుండదు. అమెరికా నుంచి మనవాళ్ళు ఎక్కువగా దుబాయ్, దోహాల మీదుగా వస్తారు, ఆ రెండు దేశాల్లోనూ ఇది నేరమే. విమానం మారేచోట ఎవరూ అడగరు గానీ, విమానం రద్దయి రాత్రి ఆగాల్సివస్తే ఎలాగో ముందే అనుకుని ఉండాలి.

న్యూజెర్సీలో ఉంటున్న ఒక తెలుగు స్నేహితురాలు, ఆమె సహచరి కొడుకుని పెంచుకుంటున్నారు. జనన ధృవీకరణ పత్రంలోనే ఇద్దరు తల్లుల పేర్లూ ఉన్నాయి. భార్యాభర్తల పేర్లు రాసినట్టే ఇద్దరు తల్లుల పేర్లూ రాయాలని అమెరికా సుప్రీంకోర్టు 2017లో అర్కాన్సా కేసులో చెప్పింది. అయినా వాళ్ళ లాయరు వదలకుండా, కనని తల్లి చేత కోర్టులో దత్తత కూడా చేయించారట. తన కొడుకుని తను దత్తత తీసుకోవడమేమిటని ఆమె ఏడ్చిందట. కారణం ఉంది. జార్జియాలో జరిగిన దత్తతని అలబామా కోర్టు ఒప్పుకోనంటే, ఒక రాష్ట్ర కోర్టు ఇచ్చిన తీర్పుని ఇంకో రాష్ట్రం గౌరవించాల్సిందేనని 2016లో సుప్రీంకోర్టు ఆ తల్లిని నిలబెట్టింది. ఆ ధైర్యానికే వీళ్ళు ఎటెళ్ళినా ఆ కోర్టు కాగితం సంచీలో పెట్టుకునే వెళ్తారు. ఏటా వేసవిలో మసాచుసెట్స్‌లోని ప్రావిన్స్‌టౌన్ అనే సముద్రతీరపు ఊళ్ళో ఇలాంటి కుటుంబాలన్నీ ఒక వారం కలుస్తాయి. తొంభైల నుంచీ జరుగుతోంది. అక్కడ సముద్రం కంటే, మీ నాన్నేడి అని ఎవరూ అడగకపోవడమే పిల్లాడికి ఇష్టమట. అదే పిల్లాడు హైదరాబాదులో పెళ్ళికొస్తే "మా అమ్మాయి ఫ్రెండు కొడుకు" అయిపోతాడు.

చట్టం ఉన్న దేశానికి వెళ్తే చాలదని చెప్పే సంగతి ఇంకొకటి. 2019లో స్పెయిన్‌లో ఒక పాప పుట్టింది. ఒక తల్లిది బల్గేరియా, ఇంకో తల్లి జిబ్రాల్టర్‌లో పుట్టింది. స్పెయిన్ ఇద్దరినీ తల్లులుగా రాసింది. కన్నదెవరో చెబితేగానీ కాగితమివ్వమని బల్గేరియా అంది. ఏ దేశపు పాస్‌పోర్టూ లేక పసిపిల్ల స్పెయిన్ దాటలేకపోయింది. 2021 డిసెంబరు 14న యూరోపు న్యాయస్థానం, ఇద్దరు తల్లులతోనూ తిరిగే హక్కు బిడ్డకి ఉందని, గుర్తింపు కాగితం ఇవ్వాలని చెప్పింది. 2023లో బల్గేరియా కోర్టు ఆ పిల్ల మా పౌరురాలే కాదు పొమ్మంది.

అందుకని బ్యాంకు ఆమెతో నేను చెప్పింది ఇదే: ఊరు మీకు నచ్చింది చూసుకోండి, కాగితాలు మాత్రం ఇక్కడే సిద్ధం చేసుకోండి. బ్యాంకాక్ వెళ్ళినా టీచరుని తల్లిని చేసేది అక్కడి చట్టం కాదు. విడాకుల తీర్పు, పాపని అప్పగించిన ఉత్తర్వు నకళ్ళు దగ్గరుంచుకోవాలి. ఫలానా తేదీల్లో పాప ఫలానా ఆమె సంరక్షణలో ఉంటుంది, వైద్యానికి అనుమతి ఇచ్చే అధికారం ఆమెకుంది అని తల్లి రాసి, నోటరీ చేయించాలి. ఇది ఉత్త కాగితమే అని కొట్టెయ్యకండి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షను, పన్నెండేళ్ళ లోపు బిడ్డ మేలుకోసం సంరక్షకుడి అనుమతితో గానీ, "చట్టబద్ధంగా బిడ్డ బాధ్యత చూస్తున్న ఇతర వ్యక్తి" అనుమతితో గానీ సద్బుద్ధితో చేసిన పని నేరం కాదంటుంది. పాత శిక్షాస్మృతి 89వ సెక్షనులోనూ ఇదే ఉండేది. విశాఖలో మన లాయరు చూపించింది దీన్నే. అనుమతి తీసుకునే వ్యవధి లేనంత అత్యవసరమైతే 30వ సెక్షను డాక్టరుకి రక్షణ ఇస్తుంది. కౌంటరు దగ్గర దీన్ని మెల్లగా, నిదానంగా చెప్పాలి. అరిస్తే వినరు.

రేషను కార్డులో ఇలాంటి సహచరులని ఒకే కుటుంబంగా చూడాలని 2024లో కేంద్రం రాష్ట్రాలకి రాసింది. మద్రాసు హైకోర్టు 2025 మేలో, కుటుంబం ఏర్పడడానికి పెళ్ళొక్కటే దారి కాదంది. ఇద్దరి పేర్లూ ఒకే చిరునామాతో ఉన్న కాగితం ఏదొచ్చినా తీసుకోమన్నాను. అయితే మాజీ భర్త భయం ఉన్నవాళ్ళు ఏ కాగితం మీద ఏం రాయాలో ముందు లాయరుతో మాట్లాడుకోవాలి. మనని కాపాడుతుందనుకున్న కాగితమే ఆ కోర్టులో మన మీదికి రావచ్చు. ఈ భయానికి నా దగ్గర మందు లేదు.

ఇంత రాశాక, మన ఇంటి సంగతి దాచడం న్యాయం కాదు. పోయిన శీతాకాలం మన రెండు రోజుల శిబిరానికి ఈ ముగ్గురూ వచ్చారు. భార్యాభర్తలుగా వచ్చినవాళ్ళకి గదులిచ్చాం, వీళ్ళని హాల్లో చాపల మీద పడుకోబెట్టాం. తమకీ గది కావాలని టీచరు నెమ్మదిగా అడిగితే, "అందరికీ తెలిసేలా ఎందుకులే" అన్నది ఎవరో కాదు, నేనే. మన నమోదు ఫారంలో తండ్రి/భర్త పేరు అన్న గడి అప్పటికింకా ఉంది. ముప్ఫై ఏళ్ళుగా పితృస్వామ్యం గురించి మాట్లాడుతున్న సంస్థ ఫారం అది! మనకంటే ఆసుపత్రి కౌంటరు ఎక్కువ తప్పేం చేసింది?

ఆ గడి తీసేశాం. ఎవరు ఎవరితో వస్తున్నారో వాళ్ళే రాసుకునేలా రెండు గీతలు వదిలాం. అనుమతి పత్రం నమూనా ఈ సంచిక చివరి పేజీలో ఉంది, కత్తిరించుకుని వాడుకోండి. ఇంకో పని మీరు చెయ్యాలి. మీ జిల్లాలో రాత్రి పదకొండు గంటలకి ఫోను చేసినా ఆసుపత్రికి వచ్చి ఇలాంటి తల్లుల పక్కన నిలబడే మనిషి ఎవరు? లాయరే అవ్వక్కర్లేదు. వాళ్ళని అడిగి, ఒప్పుకున్నవాళ్ళ పేరూ నంబరూ ఆఫీసుకి పంపండి. విశాఖ, హైదరాబాదు, విజయవాడలకి ఉన్నారు. శ్రీశైలం దారిలో, భద్రాచలం వైపు ఇంతవరకు మనకి ఒక్కరూ లేరు.