అశ్వహృదయమా, అక్షహృదయమా?

నలోపాఖ్యానము నెఱుగని తెలుగువాడుండడు. నలునకు అశ్వహృదయము తెలియును. ఋతుపర్ణునకు అక్షహృదయము తెలియును. విదర్భకు పోవుదారిలో రథముమీదనే ఒకరి విద్య నొకరు కోరుకొనిరి. పాచికలలో రాజ్యమంతయు పోగొట్టుకొనిన నలుడు గుఱ్ఱపువిద్యనుమాత్రము పోగొట్టుకొనలేదు; తుదకు ఆ విద్యయే యాతనిని దమయంతికడకు చేర్చినది. ఈ కథ మాకు మొన్న జ్ఞప్తికి వచ్చుటకు కారణము పురాణశ్రవణము కాదు. పఠనమందిరములో చేతికందిన యొక ఆంగ్ల దినపత్రికలోని గుఱ్ఱపుపందెముల శీర్షిక.

రెండు నిలువుల నిండ అచ్చు. గుఱ్ఱముల పేర్లు, అవి మోయు బరువు కిలోగ్రాములలో, బయలుదేరు గేటు సంఖ్య, జాకీ పేరు, ప్రతి పందెము క్రిందను ‘ఇది మొదటిది, అది రెండవది, అల్లది మూడవది’ యను జోస్యము, అన్నిటికి చివర ‘నేటి మేటి పందెము’ అని యొక పేరు. ఏ గుఱ్ఱము ఎట్టిదో, ఏల గెలువవలెనో, ఏల ఓడవలెనో తెలుపు వాక్యము ఒక్కటియు లేదు. అక్షహృదయము పుష్కలము; అశ్వహృదయము సున్న!

ఇట్లు వ్రాయుచున్నామని మమ్ము పందెముల శత్రువులుగా నెంచవలదు. మేము గుఱ్ఱమును ప్రేమించువారము. మలకుపేట మైదానపు కటకటాలకు ఆనుకొని నిలువబడి, ఆఖరి మలుపు తిరిగి గుంపుగా వచ్చు గుఱ్ఱముల గిట్టలచప్పుడు భూమిలోనుండి పాదములలోనికి ఎక్కుటను అనుభవించినవారము. మౌలాలీనుండి ఆ పందెములను 1886లో మలకుపేటకు తెచ్చినవాడు మహబూబు ఆలీ పాషా. నవాబులు పోయిరి, రాజ్యము పోయినది, గుఱ్ఱములు మిగిలినవి. 1943లో మొట్టమొదటి ఇండియన్ డెర్బీని గెలిచినది ప్రిన్సెస్ బ్యూటిఫుల్ అను ఆడుగుఱ్ఱమని నేటికిని చెప్పుకొను వృద్ధులను మేమెఱుగుదుము. 19 మారులు పరుగెత్తి 18 మారులు గెలిచిన స్క్వాండరర్ పేరు విన్నంతనే కన్నులు చెమర్చువారును కలరు. ఆ దినములలో డివిడెండు ఎంత పలికెనని వారినడుగుడు, ఒక్కరికిని జ్ఞాపకముండదు. వారు చూడవచ్చినది గుఱ్ఱమును. మన పూర్వులకును ఈ మోజు క్రొత్తది కాదు. గుఱ్ఱముల లక్షణములను పద్యములలో పెట్టి ప్రత్యేకముగా ఒక కావ్యమునే వ్రాసిన మనుమంచిభట్టు మన భాషాకవియే కదా!

ఇంత విద్యకు వారసులైనవారికి నేటి పత్రికలు పెట్టుచున్నదేమి? విన్, ప్లేసు, ఫోర్‌కాస్టు, తనాలా, జాక్‌పాట్. ఇవియే వర్ణమాల. మఱునాటి ఫలితములలో గెలిచిన గుఱ్ఱము పేరుకంటె దానిపై వచ్చిన రూపాయల సంఖ్యయే పొడవు. ఉదయపు సాధనను గూర్చిన వార్తయని యొకటి కలదు. దానిని చూచి కొందఱు మురియుదురు. 600 మీటర్లు ఇన్ని సెకండ్లు. ‘సునాయాసముగా కదలినది,’ ‘తృప్తికరము,’ ‘మంచి స్థితిలో నున్నది.’ కుంటిన గుఱ్ఱము, మేత మానిన గుఱ్ఱము, నోటినుండి నెత్తురు కార్చిన గుఱ్ఱము ఈ పట్టికలో నెన్నడును కానరావు. లోకమున ఏ వైద్యశాలలోను ఇంత ఆరోగ్యము లేదు!

ఇందేమి నష్టమని యడుగువారికి న్యాయస్థానపు మాట నొకదానిని జ్ఞప్తిచేయుదుము. తమిళనాడు ప్రభుత్వము 1974లో చట్టమును సవరించి గుఱ్ఱపుపందెములను జూదములో చేర్చినది. ఆ వివాదము రెండు దశాబ్దములు నడచి, 1996 జనవరి 12న సుప్రీముకోర్టు తీర్పుతో ముగిసినది. గుఱ్ఱపుపందెము కేవలము అదృష్టముమీద నాధారపడిన ఆట కాదు. గుఱ్ఱపు వేగము, దమ్ము, దానికిచ్చిన శిక్షణ, స్వారిచేయువాని నేర్పు, వీనిని బేరీజు వేయగల జ్ఞానము ప్రధానము. కావున ఇది నైపుణ్యక్రీడ యని తీర్పు సారాంశము. తెలుగువారికి ఈ వాదము పాతదే. రమ్మీ ఆటలో నైపుణ్యమే ప్రధానమని 1967లో ఆ న్యాయస్థానమే చెప్పిన వ్యాజ్యము మన సికిందరాబాదు క్లబ్బునుండి పోయినదే.

సరే, జ్ఞానమునుబట్టి ఇది జూదము కాదందుము. ఆ జ్ఞానము సామాన్యుడగు గుమాస్తాకు, చిల్లరవర్తకునకు ఎచ్చటనుండి రావలెను? గుఱ్ఱపుసాలలోనికి వానికి ప్రవేశము లేదు. పశువైద్యుని చీటీ వానికి చూపరు. యజమాని వాని చెవిలో చెప్పడు. వానికున్నది పత్రిక యొక్కటే. ఆ పత్రిక కారణము చెప్పక మూడు పేర్లు అచ్చువేసి చేతికిచ్చినచో, అది జ్ఞానమా, చిలుకజోస్యమా? చిలుకకైన ఒక్క గింజ చాలును. వీరి జోస్యమును నమ్మి కట్టువాడు నెలజీతములో సగము వదలుకొనుచున్నాడు. 2023 అక్టోబరు 1నుండి ప్రభుత్వము పందెపు పూర్తి మొత్తముపై 28 శాతము పన్ను వేసినది; 2025 సెప్టెంబరు 22నుండి అది 40 శాతము. సర్కారు దీనిని పేకాటశాలలతోను లాటరీలతోను ఒకే బంతిలో కూర్చుండబెట్టినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను, నైపుణ్యమో అదృష్టమో యను విచక్షణ లేకుండ, వాని ప్రకటనలతోసహా నిషేధించుచు చట్టము చేసినది. నైపుణ్యమను ఊతకఱ్ఱ ఇతరులచేతినుండి ఊడిపోవుచుండగా గుఱ్ఱపుపందెముచేతిలో మాత్రము మిగిలియున్నది. ఆ కఱ్ఱను చెదవలె తొలుచుచున్నది పందెముల విరోధులు కారు, పందెముల శీర్షికలే.

ఇంకొక మాట. మలకుపేటలో దక్కను డెర్బీ చాల సంవత్సరములుగా అక్టోబరు 2వ తేదీన జరుగు ఆచారము కలదు. మద్యపు దుకాణములు మూతపడు దినమున పందెపు కిటికీలు తెఱచియుండును. ఆనాటి పత్రికకు మొదటిపుటలో మహాత్ముని చిత్రము, నడిమిపుటలో వ్యసనములను నిందించు సంపాదకీయము, క్రీడాపుటలో డెర్బీకి మూడు పేర్ల జోస్యము! ఒక పుటలో చేసిన పాపమును మఱియొక పుటలో కడుగుకొనుట మన పత్రికారంగమున కనిపెట్టబడిన క్రొత్త గంగాస్నానము.

మా కన్నులార చూచిన సంగతి యొకటి చెప్పెదము. అది ఏ మైదానమో, ఏ పత్రికయో చెప్పము. చెప్పినందున ప్రయోజనము లేదు. నాలుగవ పందెమున ముందు పోవుచున్న జేగురురంగు గుఱ్ఱము మలుపుకడ ముంగాలు విఱిగి కూలినది. జాకీ దొర్లి దొర్లి కంచెక్రింద పడెను. గుఱ్ఱము మూడుకాళ్లమీద లేచి, తక్కిన గుఱ్ఱములు పోయిన దిక్కునకే పోవుటకు ప్రయత్నించినది. అది మేమెన్నటికిని మఱువలేము. పనివాండ్రు పరుగున వచ్చి చుట్టును పచ్చని తెర పట్టిరి. కొంతసేపటికి తెర తీసిరి. బండి యొకటి పోయినది. అయిదవ పందెము వేళకే బయలుదేరినది. కటకటాలకడ దాని సైసు, ఇరువదియేండ్ల కుఱ్ఱవాడు, చేతిలో ఖాళీ కళ్లెము పట్టుకొని నిలువబడియుండెను. మఱునాడు పత్రికను తెప్పించి చూచితిమి. నాలుగవ పందెపు విజేత, అది ఎన్ని నిడుపులతో గెలిచినదో, పట్టిన కాలము, విన్ పైకము, ప్లేసు పైకము, అన్నియు నుండెను. ఆ జేగురుగుఱ్ఱము పేరు పడినవాని వరుసలోనైన లేదు. ముందటిదినమున అదే పత్రిక దానిని ‘నేటి మేటి పందెము’గా ముద్రించియుండెను.

గిట్టలక్రింద ధూళివలె ఈ వార్తలు అణగిపోవుచున్నవి. 2025 ఏప్రిలు చివర, మే మొదట హైదరాబాదునుండి 57 గుఱ్ఱములను జబల్‌పూరు చెంతకు తరలించిరి. కొలది వారములలో వానిలో ఎనిమిదికి తక్కువ కాకుండ చనిపోయినవి. వ్యవహారము అచ్చటి హైకోర్టుదాక పోయినది. తప్పెవరిదో తేల్చుట న్యాయస్థానముల పని. మా ప్రశ్న వేఱు. ఆ వార్తను లోకమునకు తెచ్చినవారు జంతుప్రేమికులు, ప్రచురించినవి వార్తాపుటలు. గుఱ్ఱములనుగూర్చి వారమునకు ఇన్ని నిలువులు నింపు పందెపు విలేఖరులకు ఇది తమ కులవృత్తికి సంబంధించిన సంగతియని ఏల తోపదాయెను? అంతకుముందు 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వము మద్రాసు గిండీ మైదానపు కౌలును రద్దుచేసి ముద్ర వేసినప్పుడును ఇంతే. 160 ఎకరములనియు, 1945నుండి 99 సంవత్సరముల కౌలనియు, సాలుకు అద్దె 614 రూపాయల 13 అణాలనియు చదివితిమి. అణాలు కూడ విడువని పత్రికలలో, ఆ సాలలలోని గుఱ్ఱములు ఏమగునో, వానిని నమ్ముకొనిన సైసుల కుటుంబములు ఏమగునో వెదకి వెదకి చూడవలసివచ్చినది.

ఇది లోకమంతట నింతేయని కొందఱందురు; అది నిజము కాదు. అమెరికాలో ‘న్యూయార్కు టైమ్సు’ పత్రిక 2012లో పందెపు మైదానములలోని చావులను కూర్చి లెక్కకట్టినది. వారమునకు సగటున 24 గుఱ్ఱములని తేలెను. దేశమంతయు ఉలికిపడినది. 2018 డిసెంబరునుండి 2019 జూనువఱకు కాలిఫోర్నియాలోని సాంటా అనీటా మైదానమొక్కటనే 30 గుఱ్ఱములు చావగా పత్రికలు ఒక్కొక్కదానిని పేరుతో ప్రకటించినవి. 2020 డిసెంబరులో చట్టము వచ్చినది. దానిక్రింద ఒక సంస్థ యేర్పడినది. ఆ సంస్థ పాలనలోని మైదానములలో 2024లో వేయి పరుగులకు చావులు 0.90 మాత్రమే యని లెక్క. 2009లో ఆ దేశమున ఇది వేయింటికి రెండు. పందెములు ఆగినవా? ఆగలేదు. గుఱ్ఱములు బ్రదికినవి. ఆస్ట్రేలియాలో పందెములు ముగిసిన గుఱ్ఱములు కబేళాకు పోవుచున్న సంగతిని 2019 అక్టోబరులో బయటపెట్టినది ఆ దేశపు ప్రజాప్రసార సంస్థయే. హాంగ్‌కాంగులో ప్రతి పందెపుగుఱ్ఱపు వైద్యచరిత్రయు, ఎప్పుడు కుంటినది, ఎప్పుడు నెత్తురు కార్చినది, ఎవరు పరీక్షించిరి అను వివరములతో బహిరంగముగా ప్రకటింపబడుచున్నది. కట్టువాడు చూచుకొని కట్టును. ప్రేమించువాడు చూచి యూరడిల్లును. మన దేశములో అట్టి లెక్క, మైదానమునకింత, ఋతువునకింత యని, మేము చదువు పత్రికలలో నేటివఱకును మా కంటపడలేదు.

‘చదువరులు కోరునది జోస్యమే, తక్కినది వ్రాసిన నెవ్వరు చదువుదురు?’ అని సంపాదకమిత్రులు కొందఱు మాతో ననిరి. ఇది చదువరిని అవమానించుమాట. క్రికెట్టాటగాని మోకాలు వాచినచో ఏ మోకాలు, ఎన్ని వారములు, ఏ వైద్యుడు అని మూడు దినములు వ్రాయువారు వీరే. దానిని ఆత్రముతో చదువువాడును ఈ చదువరియే. ఆటగాడు నోరున్నవాడు, తన నొప్పి తానే చెప్పుకొనును. గుఱ్ఱమునకు విలేఖరి తప్ప నోరెవరు? ‘క్లబ్బులవారు సమాచార మీయరు’ అని మఱియొక సాకు. ఇయ్యరనుటయే వార్త! అదియైన ప్రకటింపవచ్చునే! ఉచితముగా వచ్చు ప్రవేశపుచీటీ, కూర్చుండుటకు నీడగల బాల్కనీ, మధ్యాహ్నపు తేనీరు, ఇవి పోవునను భయము లేకున్నచో ఎన్నడో ప్రకటించియుందురు. తెలుగు దినపత్రికలవారు తమకీ పాపము లేదని సంతోషింపనక్కఱలేదు. మలకుపేట మన నగరములో నున్నది, సైసులలో మనవారున్నారు. వారినిగూర్చి మన భాషలో ఒక మంచి వ్యాసము చదివి ఎన్నాళ్లయినదో మీరే తలచుకొనుడు. గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణాకు తక్కువలేదని సామెత. మన పత్రికల విషయమున గ్రుడ్డిది గుఱ్ఱము కాదు.

మేము కోరునది కష్టమైనది కాదు. జోస్యము చెప్పువాడు కారణము చెప్పవలెను. కూలిన గుఱ్ఱముపేరు గెలిచిన గుఱ్ఱముపేరుతో సమానమగు అక్షరములలో పడవలెను. ఋతువు ముగిసినప్పుడు క్లబ్బులను చావుల లెక్క అడిగి అచ్చువేయవలెను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, జాకీతోకాక సైసుతో మాటలాడు విలేఖరి యొక్కడైన ప్రతి పత్రికకును ఉండవలెను.

ఇది జరుగునంతవఱకు చదువరులే చేయదగిన పని యొకటి కలదు. పఠనమందిరములలో పాతపత్రికలు కట్టలుగా నుండును. గత శీతకాలపు పందెముల కార్డును, ఈ శీతకాలపుదానిని ప్రక్కప్రక్కను పెట్టుకొనుడు. అందుండి ఇందు లేని పేర్లక్రింద గీత గీయుడు. ఆ పేర్లన్నిటిని ఒక కాగితముమీద వ్రాసి, ‘అయ్యా, ఇవి యిప్పుడు ఎచ్చట నున్నవి?’ అని క్రింద నొక్క పంక్తి చేర్చి, ఆ కార్డులను అచ్చువేసిన పత్రిక సంపాదకునకే పంపుడు. జవాబు వచ్చినచో మాకును తెలుపుడు, ప్రకటింతుము.