యాభై ఎనిమిది శాతం మార్కులు

ఫలితములు వెలువడిన నాటి నుండి సివిక్ సెంటరులో ఎవరు ఎదురైనను పిల్లల మార్కుల ప్రసంగమే. ప్లేటు మిల్లులో పనిచేయు ఒక సహోద్యోగి కుమారునికి పన్నెండవ తరగతిలో 58 శాతం వచ్చినది. భవిష్యనిధి నుండి అడ్వాన్సు తీసి, దూరాన ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయమున మేనేజిమెంటు సీటు కొనవలెనని తండ్రిగారి సంకల్పం. మమ్ములను అడిగినారు. ఆగుమన్నాము.

రాయపూరు ఎన్.ఐ.టి.లో సగం సీట్లు ఈ రాష్ట్రమున పన్నెండవ తరగతి ఉత్తీర్ణులైన వారివే. అయితే సాధారణ వర్గమునకు 75 శాతం మార్కులో, బోర్డులో మొదటి ఇరవై శాతం మందిలో స్థానమో ఉండవలెను. ఆ ద్వారము మూసినట్లే. ఆంధ్ర, తెలంగాణములలో స్థానికత చదువును, నివాసమును బట్టి నిర్ణయమగును. ఇంట తెలుగు మాట్లాడినంత మాత్రమున రాదు. (ఈ మాట మన వారికి ఎన్నిసార్లు చెప్పినను రుచించదు.)

దుర్గులోని భిలాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1986లో స్థాపితమైనది. సీటు దొరికినచో ఇంటి నుండియే వెళ్ళి రావచ్చును. హాస్టలు ఖర్చు మిగులును. ఏ కళాశాలయైనను భవనమును గాక ప్రయోగశాలను చూడవలెను, కోరిన శాఖకు ఎన్.బి.ఎ. గుర్తింపు ఉన్నదో లేదో విచారించవలెను.

భౌతికశాస్త్రమున బి.ఎస్‌సి. చేసి, జామ్ పరీక్ష వ్రాసి ఐ.ఐ.టి.లో ఎం.ఎస్‌సి.కి పోవు మార్గము కూడ కలదు. 2016లో వెలసిన మన భిలాయి ఐ.ఐ.టి. దగ్గరనే ఉన్నది.

“అబ్బాయి ఏమన్నాడు?” అని అడిగితిమి. అడగలేదట! మరునాడు ఇద్దరును వచ్చినారు. కుర్రవాడు భౌతికశాస్త్రమే కావలెనన్నాడు. తండ్రి ఇంకను ఒప్పుకొనలేదు. అడ్వాన్సు దరఖాస్తు మాత్రము సొరుగులోనే ఉన్నది.