రబ్బరు కప్పకే నా ఓటు

బసంత్ మొదలయ్యేసరికి మా నాచారం, ఉప్పల్ గల్లీల్లో కుర్రాళ్లకు చేపల షికార్ శౌఖ్ మళ్లీ లేస్తుంది. ఈ మధ్య రంజాన్ కూడా ఈ మౌసమ్‌లోనే వస్తుండటంతో సహరీ తిని, ఫజర్ నమాజ్ చదివి, నిద్ర పట్టని పిల్లలు గాలపు కర్రలు భుజాన వేసుకుని బయలుదేరుతున్నారు. శౌఖ్ మీద నాకేం ఎత్‌రాజ్ లేదు. ఫోన్‌లో తలదూర్చి కూర్చోవడం కంటే హజార్ రెట్లు నయం. మగర్ ఆ గాలానికి ఏం తగిలిస్తున్నారన్నదే నా పేచీ.

మా భాంజా ఒకడు ఆన్‌లైన్‌లో తెప్పించిన నఖ్లీ ఎరల డబ్బా చూపించాడు. రంగురంగుల ప్లాస్టిక్ చేపలు, ఒక్కోదానికి రెండేసి మూడు కొక్కేల గాలాలు. యూట్యూబ్‌లో అమెరికావాళ్లు బాస్ చేపను పట్టే వీడియోలు చూసి కొన్నాడట. అరే బేటా, అక్కడ చాలాచోట్ల మార్చిలో మంచు అప్పుడే కరుగుతుంటుంది. చల్లటి నీళ్లకి చేప సుస్తీగా లోతులో పడుంటుంది కాబట్టి ఎరను లోతుకి దించి, లాగి, ఆపి, మళ్లీ లాగుతారు. మన చెరువుల్లో బాస్ లేదు, ఆ చలీ లేదు. మనకున్నది కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర చేప అదే.

దాని ఆదత్ వేరు. మొప్పలతోపాటు పైగాలి కూడా పీల్చాలి, అందుకే మాటిమాటికి పైకొస్తుంది. గుర్రపుడెక్క, తుంగ ఉన్న ఒడ్డు నీళ్లలో మాటు వేసి, పైన కదిలేదాన్ని ఒక్కసారిగా అందుకుంటుంది. అక్కడ ఆ మూడు కొక్కేల గాలం వేస్తే దొరికేది చేప కాదు, ఆకు చెత్త. బోలుగా ఉండే మెత్తటి రబ్బరు కప్ప అలా కాదు. దాని కొక్కేలు వీపుకి ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి, ఆకుల మీదుగా జారిపోతుంది. చేప నోట్లో నొక్కినప్పుడే కొక్కెం బయటపడుతుంది. నీళ్లు మురికిగా ఉంటే నల్లది తీసుకోండి. కింద ఉన్న చేపకి ఆకాశం వెలుతురులో నల్లటి నీడే సాఫ్‌గా కనబడుతుంది. ఆకులు లేని చోట చిన్న స్పూన్, స్పిన్నర్ చాలు. రోహు, కత్లా కావాలంటే మాత్రం ఇవన్నీ దండగ, ఆటా ముద్దే గతి.

ఇక అసలు సంగతి. కొర్రమీనుకి చాలామంది ఇప్పటికీ బతికున్న కప్పనే వాడతారు. వీపులోంచి గాలం గుచ్చి, అది గిలగిలా కొట్టుకుంటుంటే నీళ్ల మీద ఆడిస్తారు. పట్టే పద్ధతిగా పని చేస్తుంది, ఇన్కార్ చేయను. కానీ మనం ముస్లిం ఘరానాల వాళ్లం. అబూ దావూద్‌లో హదీస్ ఉంది: ఒక తబీబ్ కప్పను దవాలో వేయొచ్చా అని అడిగితే, రసూలుల్లాహ్ (స) దాన్ని చంపొద్దని మనా చేశారు. రోగికి దవా కోసమే ఇజాజత్ దొరకని ప్రాణాన్ని ఇత్వార్ పూట తమాషాకి గుచ్చడం ఏం ఇన్సాఫ్? మజహబ్ మాట పక్కన పెట్టినా, కప్ప కాళ్ల ఎగుమతిని మన హుకూమత్ 1987లోనే బంద్ చేసింది. కప్పలు తగ్గితే పురుగులు పెరుగుతాయనే ఫికర్ అప్పుడే ఉంది. రబ్బరు కప్ప ఖరీదు ఒక ప్లేట్ బిర్యానీకి అటూ ఇటూ. జాగ్రత్తగా వాడితే మౌసమంతా వస్తుంది.

ఇంకో మాట, ఇది కొందరు దోస్తులకి నచ్చదు. నాచారం పెద్ద చెరువులో, ఉప్పల్ నల్ల చెరువులో గాలం వేయడం నాకు ఇష్టం లేదు. బస్తీల మోరీ నీళ్లు, కార్ఖానాల పొరుగు ఉన్న చోట పట్టిన చేపను నేను దస్తర్‌ఖాన్ మీద పెట్టను. తిననిదాని నోట్లో కొక్కెం దించి, ఫోటో తీసుకుని వదిలేయడం నాకు మరీ చేదు. ఊరు దాటి మంచి నీళ్లున్న చెరువుకే వెళ్లండి. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్య సహకార సంఘాలది కాబట్టి ముందు వాళ్ల ఇజాజత్ తీసుకోండి.

వానల్లో మాత్రం ఒకటి ఖయాల్ ఉంచుకోండి. కొర్రమీను పిల్లలు ఎర్రటి గుంపుగా తేలుతాయి, వాటి కింద అమ్మీ, అబ్బా పహరా కాస్తాయి. ఆ గుంపు మీద కప్ప విసిరితే పెద్ద చేప కోపంతో తప్పక కొరుకుతుంది. విసరొద్దు. పహరా పోతే ఆ పిల్లల్ని మిగతా చేపలు మింగేస్తాయి. షికార్‌కి ఇప్పటి బసంతే నయం, గుంపులు తక్కువ.

పొద్దున ఎండ ఒడ్డుని తాకాక మొదలుపెట్టండి, కప్పని నెమ్మదిగా నడిపించి ఆకుల మధ్య ఖాళీలో ఒక్క క్షణం ఆపండి. నీళ్లు భళ్లుమన్నాయని హడావుడిగా గుంజకండి. ఏక్, దో అని లెక్కపెట్టి, దారం బిగిశాకే లాగండి.