గిట్టుబాటు ఎవరికి?

"గిట్టుబాటు" అనే మాట కృష్ణా డెల్టాలో నిన్నమొన్నటిదాకా అమ్మేవాడి మాట. పండించిన వడ్లకు ధర గిట్టలేదని మొత్తుకునే రైతు మాట. ఈనాడు అదే మాటను కొనేవాడి నోట వింటున్నాము. బందరు కోనేరు సెంటరులోగాని, చల్లపల్లి బజారులోగాని, ఘంటసాల టీ కొట్టు బల్లమీదగాని, కొత్తగా సెల్‌ఫోను కొన్న మనిషి చుట్టూ నలుగురు చేరితే మొదటి ప్రశ్న ఇదే: "పెట్టిన డబ్బుకు గిట్టుబాటేనా?"

ప్రశ్న మంచిదే. కష్టార్జితాన్ని లెక్క చూసుకుని ఖర్చుపెట్టడం శ్రామికుడి సుగుణం. కాని యీ ప్రశ్నకు జవాబు చెప్పే పెద్దలు రెండు రకాలుగా తయారైనారు. ఒకరు బజారు భజనపరులు, మరొకరు నీతిబోధకులు. ఇద్దరూ కొనేవాడినే చూస్తారుగాని అమ్మేవాడిని చూడరు. వీరిద్దరి వాదాలనూ పరీక్షించి చూడవలసిన అవసరం వున్నది.

ముందు నీతిబోధకుల సంగతి. వీరిలో మన మిత్రులు కూడా వున్నారని చెప్పక తప్పదు. "పూట గడవని కూలివాడికి పన్నెండు వేల ఫోను యెందుకండీ?" అని వీరి ప్రశ్న. మన కథల్లో కూడా యీ ధోరణి ప్రబలింది. ఊరు చెడిపోయిందని చెప్పదలచిన రచయిత ఒక కుర్రవాడి చేతిలో ఫోను పెడతాడు, కథ ముగిస్తాడు. పూర్వం కథల్లో పట్నపు నాగరికతకు వేసిన వేషమే ఇప్పుడు ఫోనుకు వేశారు. ఇది వాస్తవికత కాదు, సోమరితనం.

వాస్తవం యేమిటి? 2020లో బడులు మూతపడినప్పుడు పాఠం ఫోనులోకి వెళ్ళింది. ఫోను లేని ఇంటి పిల్లకు పాఠమే లేకపోయింది. 2022లో కిసాన్ సమ్మాన్ డబ్బుకు ఇ-కేవైసీ తప్పనిసరి చేశారు. చేతిలో ఫోనుంటే ఇంట్లో కూర్చుని పూర్తి చేసుకోవచ్చు, లేకపోతే సెంటరు చుట్టూ తిరగాలి. 2023 జనవరి 1 నుంచి ఉపాధిహామీ పనిలో హాజరు ఫోను యాప్‌లో ఫొటో తీసి పంపాలన్నారు. కూలీలలో ఒకరైన మేటు తన సొంత ఫోనుతో ప్రభుత్వపు మస్టరు నడిపింది. ప్రభుత్వం కొని ఇవ్వవలసిన పనిముట్టును కూలిమనిషే కొన్నది. అలా కొన్నందుకు ఆమెను దుబారామనిషి అంటున్నాము! కొడవలి కొన్న కూలిని యెవరైనా విలాసవంతుడని అన్నారా? వేషం కొత్తదిగాని ఇదీ పనిముట్టే. పనిముట్టు కొనడం కోరిక కాదు, నిర్బంధం. నిర్బంధాన్ని అభిరుచిగా చిత్రించేవాడు, తెలిసిగాని తెలియకగాని, నిర్బంధించినవాడి పక్షాన నిలుస్తున్నాడు.

ఇక బజారు భజనపరులు. కెమెరాకు ఇన్ని మెగాపిక్సెళ్ళు, నిల్వకు ఇన్ని జీబీలు, తెర ఇంత వెడల్పు, కాబట్టి యీ ధరకు ఇంతకన్న మంచి సరుకు లేదు పొమ్మంటారు. వీరి పరీక్ష అంతా మొదటి వారంలోనే ముగుస్తుంది. పెళ్ళిచూపుల్లో పిల్లను మెచ్చుకున్నవాడు కాపురం సంగతి చెప్పగలడా? మూడవ యేట ఆ ఫోను యేమైంది, బ్యాటరీ మార్చడానికి యెంతయింది, తెర పగిలితే విడిభాగం దొరికిందా అనేది వారి తీర్పులో వుండదు. ఇటువంటి అభిప్రాయాల్లో డబ్బుకు రాసినవి వుంటున్నాయని ప్రభుత్వానికి కూడా తెలుసు. 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ కొనుగోలుదారుల సమీక్షలకు ఒక ప్రమాణం ప్రకటించింది. దాన్ని స్వచ్ఛందమన్నది! దొంగతూకం వేయవద్దని వర్తకుడిని బతిమాలుకోవడం లాంటిదే ఇది.

మనకు తెలిసిన కొలతతో లెక్క చూద్దాము. 2025-26కు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మన 75 కిలోల బస్తాకు సుమారు 1,777. అది పూర్తిగా చేతికి వచ్చిందనే అనుకుందాము. పన్నెండు వేల ఫోనంటే దాదాపు ఏడు బస్తాల వడ్లు. అందులో నూటికి 18 చొప్పున జీఎస్‌టీయే 1,830 రూపాయలు. అంటే ఏడు బస్తాల్లో ఒక బస్తాకు పైగా పన్నుకే పోయింది. 2020 ఏప్రిల్‌లో ఫోనుమీద పన్ను 12 నుంచి 18కి పెంచారు. 2025 సెప్టెంబరులో ఏసీలమీద పన్ను 28 నుంచి 18కి దించారు. ఫోనుమీద 18 అలాగే వుంచారు. చల్లగాలి పీల్చేవాడికి ఊరట దొరికింది, ఎండలో హాజరు ఫొటో తీసేదానికి దొరకలేదు.

ఇంకొక లెక్క. పన్నెండు వేల ఫోను రెండేళ్ళకు మూలపడితే నెలకు 500 పడ్డట్టు. పద్దెనిమిది వేల ఫోను ఐదేళ్ళు పనిచేస్తే నెలకు 300. కాబట్టి ఖరీదైనదే చవక అని పండితుడు సలహా ఇస్తాడు. నిజమే. కాని పది బస్తాల డబ్బు ఒక్కసారి తీయగలిగిన చేతికే ఆ చవక అందుతుంది. లేనివాడు చవక సరుకును మళ్ళీమళ్ళీ కొని ఎక్కువ చెల్లిస్తాడు. ఇది అతని తెలివితక్కువ కాదు, అతని వర్గస్థితి.

ఆ ఖాళీలోకి వాయిదాల వ్యాపారి ప్రవేశిస్తాడు. "వడ్డీ లేదు" అని బోర్డు కడతాడు. వడ్డీ లేని అప్పు వ్యాపారంలో వుంటుందా? సున్నా వడ్డీ అనేదే లేదనీ, క్రెడిట్ కార్డు వాయిదాల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు పేరుతో దాచిపెడుతున్నారనీ 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకే బ్యాంకులకు రాసింది. అయినా బోర్డు దిగలేదు. వడ్లు అప్పిచ్చి కళ్ళంలో నాగుతో కొలుచుకున్న షావుకారుకూ వీరికీ భేదం యేమిటి? షావుకారు నాగును నాగు అనే అన్నాడు. 1923లో బందరులో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బ్యాంకు పుట్టిన ఊళ్ళోనే ఈనాడు చిన్నమనిషికి చిన్న అప్పు ఫోను కొట్టు కౌంటరు దగ్గర తేలికగా దొరుకుతున్నది!

"సరుకు త్వరగా పాడవడం సహజమే కదా, యంత్రం యంత్రమే" అని కొందరు సమాధానం చెబుతారు. యీ సహజం యెలా తయారవుతుందో చరిత్ర చెబుతుంది. 1924లో యూరపు, అమెరికాల పెద్ద బల్బుల కంపెనీలు జెనీవాలో ఫీబస్ అనే కూటమిగా యేర్పడినవి. అప్పటికి బల్బులు పదిహేను వందల గంటలు, రెండు వేల గంటలు వెలుగుతున్నవి. వెయ్యి గంటలకు మించి వెలగకూడదని కూటమి నిర్ణయించింది, మించిన కంపెనీకి జరిమానా వేసింది. విజ్ఞానశాస్త్రాన్ని ఆయుర్దాయం పెంచడానికి కాక తగ్గించడానికి వినియోగించారు! 2017 డిసెంబరులో ఆపిల్ కంపెనీ, బ్యాటరీ పాతబడిన ఫోన్లను తన సాఫ్ట్‌వేరే నెమ్మదింపజేస్తున్నదని ఒప్పుకున్నది. హఠాత్తుగా ఆగిపోకుండా అలా చేశామన్నది. కొన్నవారికి ఆ సంగతి చెప్పనందుకు 2020లో ఫ్రాన్సు రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. మందగించిన ఫోను చూసి కొత్తది కొన్నవాడు, తన ఫోనుకు ముసలితనం వచ్చిందనుకున్నాడు పాపం.

చవక ఫోన్ల సంగతి ఇంకా స్పష్టం. బ్యాటరీని జిగురుతో అతికిస్తారు, విడిభాగాలు బజారుకు పంపరు, రెండు మూడేళ్ళకు సాఫ్ట్‌వేరు ఆపివేస్తారు. చల్లపల్లి సెంటరులో రెండు గజాల బల్ల వేసుకుని, భూతద్దం పెట్టుకుని, చచ్చిన ఫోనుకు ప్రాణం పోసే కుర్రవాడు కంపెనీ దృష్టిలో అనధికారి. అతడు వేసే భాగం నకిలీ అంటారు. అసలుది అతనికి అమ్మనివారే ఆ మాట అంటారు.

నకిలీ సంగతి మనకు కొత్త కాదు. బందరు పక్కన చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకు దేశమంతా పేరు. కాని చిలకలపూడి పనివాడు రోల్డ్‌గోల్డ్‌ను రోల్డ్‌గోల్డ్ అనే అమ్ముతాడు. ఇది బంగారం కాదు, పైపూత, ఇంతకాలం మెరుస్తుంది అని కొనేదానికి తెలుసు. ఆ నిజాయితీలో నూరోవంతు ఫోను పెట్టెమీద వున్నదా? "ఇది ఇన్నేళ్ళు పనిచేస్తుంది, బ్యాటరీ మార్చడానికి ఇంతవుతుంది" అని యే పెట్టెమీదనైనా అచ్చువేశారా?

"కొనేవాడే రాజు, అతని అభిప్రాయమే బజారును నడిపిస్తుంది" అనేది మరొక భ్రమ. యీ భ్రమను తొలగించుకోవడానికి మన తీరమే చాలు. రెండవ శతాబ్దంలో టాలమీ పేర్కొన్న కంటకోస్సిల రేవు మన ఘంటసాలే అని చరిత్రకారులు గుర్తించారు. అంతకు ముందు శతాబ్దంలోనే రోములో ప్లినీ, భారతదేశపు సరుకు తమ దగ్గర నూరు రెట్ల ధరకు అమ్ముడవుతున్నదని వాపోయాడు. పండించినవాడికి చేరింది ఆ నూటిలో ఒక వంతే. తరువాత బందరు కలంకారీ అద్దకాలు ఇంగ్లండుకు వెళ్ళినవి. అక్కడి జనం మెచ్చి కట్టుకున్నారు. రంగు నిలిచింది, ధర గిట్టింది. కొనేవాడే రాజయితే ఆ సరుకుకు తిరుగుండకూడదు. కాని 1721లో ఇంగ్లండు పార్లమెంటు అద్దకపు నూలు బట్ట కట్టుకోవడాన్నే నిషేధించింది. కొనేవాడి అభిప్రాయం అధికారమున్నవాడి లాభానికి అడ్డువస్తే యేమవుతుందో ఆనాడే తేలిపోయింది.

ఇంకొక సంగతి యీ గిట్టుబాటు చర్చల్లో యెన్నడూ రాదు. 2015 ఆగస్టులో మన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో షావోమీ ఫోన్లు బిగించడం మొదలైంది. తెలుగు పల్లెల ఆడపిల్లలు ఆ బల్లల ముందు నిలబడి బిగించిన ఫోనే తిరిగి ఆ పల్లెలకు అమ్మకానికి వచ్చింది. ఫోను విలువను తూచేవాడు కెమెరాను తూచాడు, ఆ చేతులను తూచాడా? విలువ శ్రమలో పుడుతుందని పాఠం చెప్పే మనము కూడా ఫోను కొనేటప్పుడు పెట్టెమీది అంకెలే చదువుతున్నాము.

మరి చేయవలసిందేమిటి? ఫోను మానివేయమనడం నీతిబోధ. మంచిది చూసి కొనమనడం వ్యాపార ప్రకటన. రెండూ సమస్యను ఒంటరి మనిషి జేబులోకి నెట్టివేస్తాయి. పరిష్కారం చట్టంలో వున్నది, చట్టం ఉద్యమంలో వున్నది. 2025 జూన్ 20 నుంచి యూరపు సమాఖ్యలో కొత్తగా అమ్మకానికి వచ్చే ఫోను బ్యాటరీ 800 సార్లు చార్జి చేసిన తరువాత కూడా 80 శాతం శక్తి నిలుపుకోవాలి. అమ్మకం ఆపిన తరువాత ఏడేళ్ళు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి, ఐదేళ్ళు సాఫ్ట్‌వేరు ఇవ్వాలి. అదే కంపెనీలు అక్కడ చేయగలిగినది ఇక్కడ యెందుకు చేయలేవు? మన ప్రభుత్వం 2022 జూలైలో ఒక సంఘం వేసింది, డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. మరమ్మతు సూచికమీద మరొక సంఘం 2025 మేలో నివేదిక సమర్పించింది. నివేదిక వల్ల బ్యాటరీ దొరకదు. పెట్టెమీద ఆయుర్దాయం, విడిభాగాల ధర అచ్చువేయాలనీ, విడిభాగాలు వీధి పనివాడికి కూడా అమ్మాలనీ, ప్రభుత్వ పనికి వాడే ఫోను ప్రభుత్వమే ఇవ్వాలనీ మనము అడగాలి.

విద్యార్థులు, ఉపాధ్యాయులు రేపే చేయగల పని ఒకటున్నది. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువలమీద పడవ గ్రంథాలయం నడిపించారు. పుస్తకం కొనలేని పాఠకుడిని తప్పుపట్టలేదు, పుస్తకాన్ని అతని రేవుకు చేర్చారు. ఊరి గ్రంథాలయంలో ఒక పుస్తకం పెట్టండి. యే ఫోను యెవరు యెప్పుడు యెంతకు కొన్నారు, యెన్నాళ్ళు పనిచేసింది, యెందుకు ఆగింది, మరమ్మతుకు యెంతయింది, అప్పుకు మొత్తం యెంత కట్టారు అని పేర్లు లేకుండా రాయండి. మూడేళ్ళు రాస్తే అది ఊరు ఇచ్చిన తీర్పు అవుతుంది. డబ్బు పుచ్చుకుని రాసిన వేయి పొగడ్తలు దాని ముందు నిలవవు. వడ్ల ధర యెవరో నిర్ణయిస్తే అమ్మాడు, ఫోను ధర యెవరో నిర్ణయిస్తే కొన్నాడు. రెండు బజార్లలోనూ నష్టపోయినవాడు ఒక్కడే. అతడు లెక్క రాయడం మొదలుపెట్టిననాడు గిట్టుబాటు అనే మాట మళ్ళీ అతని పక్షాన నిలుస్తుంది.