ఒక్క రాత్రి మస్టర్

రాత్రి పదకొండు దాటాక గోలేటి క్వార్టర్ల ఇళ్లకు రెండు రకాల మెలకువలుంటాయి. సింగరేణి కైరిగూడ ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో నైట్ షిఫ్టు చేస్తూ, నిద్ర ముంచుకొచ్చినప్పుడల్లా కళ్లు నులుముకుంటూ డంపరు నడిపే తండ్రిది ఒకటి. అదే వేళకు ఇంట్లో దుప్పటి కప్పుకుని ఫోను వెలుతురులో పేకముక్కలు చూసుకునే కొడుకుది ఇంకొకటి. ఈ రెండో మెలకువ గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. తిట్టడం వల్ల ఒరిగేదేమీ లేదని ఇన్నేళ్లలో అందరికీ తెలిసొచ్చింది కనుక, నెమ్మదిగానే చెప్పుకుందాం.

ఆ కుర్రాడు గెలిచాడనే అనుకుందాం. రెండు వందలు కట్టి ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంటులో చేరాడు. కాసేపటికే చేతికి రెండు ఆసులు వచ్చాయి. ఇస్పేటు ఒకటి, ఆఠీను ఒకటి. ఆసుల జోడీ సగటున 221 పంపకాలకు ఒకసారి పడుతుంది. అవతలివాడికి అప్పుడే రాజుల జోడీ పడింది. ఇద్దరూ ఉన్నదంతా ఒడ్డారు. ఇలాంటి పోటీలో ఆసులు అయిదింట నాలుగుసార్లు నెగ్గుతాయి, ఆ రాత్రి కూడా నెగ్గాయి. అక్కడి నుంచి చేయి తిరిగింది. తెల్లవారుజామున చివరి బల్ల దాకా వెళ్లాడు. ఆ ఊపులోనే నగదు బల్ల మీద గంటసేపు కూర్చుంటే అక్కడా ముక్కలు కలిసొచ్చాయి. పొద్దున బాపు డ్యూటీ దిగి వచ్చేసరికి ఫోనులో నలభై వేలు కనిపిస్తున్నాయి.

ఆ ఆనందం అబద్ధం కాదు. వాడు చాలా చేతులు వదిలేశాడు, ఓపిక పట్టాడు, ఎదుటివాడు ఎప్పుడు బెదిరిస్తున్నాడో కనిపెట్టాడు. పోకర్‌లో నేర్పుంది. ఆ మాట కాదంటే ఆ కుర్రాడు మనం చెప్పే తక్కిన మాటలేవీ వినడు, వినకపోవడంలో వాడి తప్పూ లేదు.

ఆటలో నేర్పెంత, అదృష్టమెంత అన్న తర్కం మన దగ్గర పాతదే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967 నవంబరులో వచ్చిన ఆ తీర్పు, పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవాలి కనుక రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అంది. మూడు ముక్కలాటను మాత్రం ఉత్త అదృష్టం కిందే కట్టింది. యాభై ఏళ్ల తరువాత, 2017లో, తెలంగాణ ఆ తేడాను పక్కనపెట్టి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది. అయినా ఫోను ఉన్న చోటు మార్చి చూపించే యాప్‌లు వచ్చాయి. గోలేటిలో మంచం మీదున్న ఫోను రాష్ట్ర సరిహద్దు అవతల రాజురాలో ఉన్నట్టు చూపించుకోవడం ఎంతసేపు? 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. ఆడించేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టి, ఆడినవారిని శిక్షించకుండా వదిలేసింది. వారిని నష్టపోయినవారిగా చూడడం ఆ చట్టంలోని మెచ్చదగ్గ గుణం.

చట్టం బల్లలను మూయించగలదు. గెలిచిన రాత్రి మనసులో వేసుకుని కూర్చున్న బల్లను మూయించడం దాని చేతిలో లేదు.

ఒక్క గెలుపు ఎందరిని లాగుతుందో చూడండి. అమెరికాలో టెన్నెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు 2003లో ఇంటర్నెట్‌లో 86 డాలర్ల పోటీ ఒకటి నెగ్గి, దాని మెట్టు మీదుగా లాస్ వేగస్‌లో జరిగే ప్రపంచ పోకర్ పోటీకి వెళ్లి, ఏకంగా 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. ఆ పోటీలో కూర్చున్నవారు 839 మంది. మరుసటి ఏడు అదే పోటీకి 2,576 మంది వచ్చారు. వాళ్లను రప్పించింది ఆ ఒక్కడి కథ. తక్కిన 838 మంది ఏమయ్యారని అడిగినవారు తక్కువ. గెలుపు నోటికెక్కినంతగా ఓటమి ఎక్కదు. ఊళ్లోనూ అంతే. నలభై వేల ముచ్చట పొద్దెక్కేలోపు దోస్తులందరి ఫోన్లకు చేరిపోతుంది. అంతకుముందు మూడు నెలలపాటు అయిదు వందలు, వెయ్యి చొప్పున పోయిన సొమ్ము ముచ్చట ఎవరికీ చేరలేదు. కొన్నాళ్లకు అది పోగొట్టుకున్నవాడికే సరిగా గుర్తుండదు.

ఇక్కడే బొగ్గుబావి మనిషికి తెలిసిన లెక్క ఒకటి అక్కరకొస్తుంది. సింగరేణిలో పని మస్టర్లలో ఉంటుంది. హాజరు పడితేనే మస్టర్. 2025 దాకా అమల్లో ఉన్న గనుల చట్టం ప్రకారం ఏడాదిలో భూగర్భంలో 190, ఉపరితలంలో 240 హాజర్లుంటేనే ఆ ఏటి సెలవుకు హక్కు వచ్చేది. ఒక షిఫ్టులో ఎంత బొగ్గు తీసినా అది ఒక్క మస్టరే. ఆ రాత్రి చూపిన గొప్పతనం ఎదుట పెట్టి తక్కిన హాజర్లు అడగకండి అంటే ఏ ఆఫీసూ ఒప్పుకోదు, అలా అడగాలని ఏ కార్మికుడికీ తోచదు. చిత్రమేమిటంటే పోకర్‌ను బతుకుతెరువు చేసుకున్నవారి లెక్కా ఇదే. వారు ఒక రాత్రిని చూసుకుని మురిసిపోరు. వేల చేతులు, వందల టోర్నమెంట్లు రాసిపెట్టుకుని, కట్టిన రుసుములు, నిర్వాహకుడు ప్రతి పందెం సొమ్ములో కోసుకున్న వాటా తీసేసి, అప్పుడు చూసుకుంటారు. నిషేధానికి ముందు నికర గెలుపు మీద 30 శాతం పన్ను కూడా ఉండేది. టోర్నమెంటులో నూరుమంది కూర్చుంటే ఎంతోకొంత చేతికొచ్చేది మామూలుగా పది పదిహేను మందికే. అసలు సొమ్మంతా చివరి ముగ్గురు నలుగురి దగ్గరే ఉంటుంది. అంటే బాగా ఆడేవాడు కూడా చాలా రాత్రులు వట్టి చేతులతోనే లేస్తాడు. నేర్పు బయటపడాలంటే అన్ని రాత్రులూ తట్టుకునే డబ్బుండాలి. అది మన కుర్రాడి దగ్గర లేదు. ఉన్నది బాపు జీతం.

ఇంకొక మాట. అండర్‌గ్రౌండ్ బావుల్లో పనిచేసినవారిని అడిగితే చెబుతారు, పైకప్పును కర్రతో తట్టి చప్పుడు వినకుండా కింద అడుగు పెట్టరు. చప్పుడు గట్టిగా ఉంటే రాయి పట్టు మీదుంది, బోలుగా ఉంటే విడిపోయి ఉంది. నిన్న కూలలేదు కదా అని ఈ రోజు తట్టడం మానేసేవాడు ఆ కప్పు కింద ఎక్కువ కాలం నిలవడు. నిన్న కూలకపోవడం రేపటికి సాక్ష్యం కాదని ఇంతగా ఒంటబట్టించుకున్న జనం ఇంకెక్కడైనా ఉన్నారా అనిపిస్తుంది. ఆ ఇళ్ల పిల్లలే ఒక్క రాత్రి గెలుపును సాక్ష్యంగా పట్టుకుని దాని కింద నిలబడుతుంటే దిగులేస్తుంది.

ఎందుకంటే ఇక్కడ డబ్బు వచ్చే తేదీలు అందరికీ తెలుసు. జీతం, దసరా ముందు లాభాల వాటా, దీపావళి బోనస్. 2024లో లాభాల వాటాగానే 33 శాతం కింద 796 కోట్లు ప్రకటించారు. అప్పు దొరకడమూ కష్టం కాదు. మిత్తికిచ్చేవాడి దగ్గర ఏటీఎం కార్డు పెట్టే అలవాటు బొగ్గు ప్రాంతంలో ఫోన్ల కంటే పాతది. ఆట చట్టం ముందు మూతపడ్డా, పోయింది రాబట్టుకోవాలన్న పట్టుదల మూతపడదు. అది దొంగచాటు బల్లలు వెతుకుతుంది, కార్డును తాకట్టు పెట్టిస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికీ తెస్తుంది. ఇంట్లో ఎవరైనా ఆ అంచుకు చేరారనిపిస్తే 14416కు ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఏ వేళకైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడుతుంది. తలుపు వేసుకుని ఏడ్చేకంటే, తలుపు బాదుతూ అరిచేకంటే అది మేలు.

అంతదాకా రాకముందే చేయగలిగింది ఒకటుంది. తండ్రి పే స్లిప్పులో అన్నీ ఉంటాయి. ఎన్ని మస్టర్లు, ఎంత జమ, ఎంత కోత. కొడుకు ఫోనులోనూ అలాంటి చిట్టా ఉంటుంది. ఏ తేదీన ఎంత వేశాడు, ఎంత తీశాడు, బ్యాంకు ఖాతా వరుసగా చెబుతుంది. గెలిచిన రాత్రి తీసిన స్క్రీన్‌షాట్ అందరికీ పోతుంది, ఈ చిట్టా ఎవరికీ పోదు. పొద్దున ఏడింటికి షిఫ్టు దిగి, స్నానం చేసి, చాయ్ గ్లాసు పట్టుకుని, ఇంకా నిద్రపోని కొడుకు పక్కన ఆ తండ్రి కూర్చోవాలి. కోప్పడకుండా, నలభై వేలను తీసిపారేయకుండా, "మంచిగున్నది కొడుకా, ఇది ఎన్ని రాత్రుల మస్టర్? మొదటి నుంచి చదువు, నేనూ వింట" అనాలి. కొడుకు వేలు తెర మీద కిందికి, ఇంకా కిందికి జరుపుకుంటూ పోవాలి, మొదటి అయిదు వందలు వేసిన తేదీ దాకా.